పళ్ళపేస్టుకు కంపారిటివ్ స్టేట్‌మెంటు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17న మనం ఇట్లా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది దయతో ఇచ్చేది కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతి అధ్యక్షులవారు నాకంటె బాగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. గుండె, షుగరు, మోకాళ్ళ సంగతి చెప్పడానికి డాక్టర్లున్నారు. నేను గుమాస్తాను. నాకు తెలిసిన ఆరోగ్యం కిరాణా కొట్టు దాకానే. అందుచేత పళ్ళపేస్టు కొనడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. నవ్వేవారు మాత్రం పళ్ళు కనబడేటట్లు నవ్వండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మా చిన్నతనంలో ఈ బెడద లేదు. వాకిట్లో వేపచెట్టు ఉండేది. పుల్ల దొరికితే పుల్ల, లేకపోతే బొగ్గు, కచ్చిక, ఉప్పు. మా నాయన వేపపుల్ల నమిలి తోముకొని, అదే పుల్లను రెండుగా చీల్చి నాలుక గీసుకునేవాడు. ఆ చప్పుడుకు మేము నిద్ర లేచేవాళ్ళం. హైస్కూలు చదువుకు పట్నం వచ్చిన తర్వాత పళ్ళపొడి చూశాను. పేస్టు అన్నది 1974లో ఉద్యోగంలో చేరి, అద్దె గదిలో ఉన్నప్పుడు మొదటిసారి కొన్నాను. కొట్టులో ఉన్నవి కోల్గేటు, ఫోర్‌హాన్సు, బినాకా. బినాకా అనగానే మీలో కొందరికి బుధవారం రాత్రి రేడియో సిలోను పాటలు గుర్తుకు వచ్చే ఉంటాయి. మూడు రకాలుంటే మూడు కొటేషన్లు వచ్చినట్లే. రూలు ప్రకారం అంతకంటె ఏం కావాలి? రేకు ట్యూబును అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, ఆఖరుకు కత్తిరించి మరీ వాడుకున్న తరం మనది.

2008లో రిటైరయ్యాను. ఆ తర్వాత కూడా ఇంటి సరుకులు మా శ్రీమతే చూసుకునేది. రెండేళ్ళ క్రితం దసరా ముందు ఆమెకు కాలు బెణికితే, చీటీ పట్టుకొని నేనే సూపర్‌మార్కెట్టుకు వెళ్ళాను. చీటీలో చివరి ఐటం పేస్టు. పేరు వ్రాయలేదు. నేనూ అడగలేదు.

అక్కడ ఒక గోడంతా పేస్టులే. ఉప్పుది, లవంగంది, వేపది, మూలికలది, తెల్లబరిచేది, జివ్వుమనడం తగ్గించేది, చిగుళ్ళకు వేరు, చిన్నపిల్లలకు వేరు, రాత్రి పూట వాడేందుకు వేరు. బొగ్గు పేస్టు కూడా ఉంది. బొగ్గుతో తోముకుంటే మోటు అని మనచేత మాన్పించి, ఇప్పుడు అదే బొగ్గును ట్యూబులో పెట్టి అమ్ముతున్నారు. నేను నిలబడి లెక్కపెట్టాను. 46 రకాలు వచ్చాయి. అక్కడి అమ్మాయి దగ్గరికి వచ్చి, "ఏం కావాలి అంకుల్?" అన్నది. "పేస్టు" అన్నాను. "ఏది?" అన్నది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్నో టెండర్లు విప్పినవాణ్ణి, ఆ పిల్ల ముందు జవాబు చెప్పలేక పేస్టు లేకుండానే ఇంటికి వచ్చాను.

మరునాడు కాగితం, కళ్ళజోడు, భూతద్దం తీసుకొని మళ్ళీ వెళ్ళాను. మనకు వచ్చిన విద్య ఒకటే, కంపారిటివ్ స్టేట్‌మెంటు. సరుకు పేరు, బరువు, ధర, గ్రాముకు ఎంత, అందులో ఏమున్నది, రిమార్కులు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. సెక్యూరిటీ అతను మొదట అనుమానంగా చూశాడు గాని, రెండో రోజు కుర్చీ వేశాడు.

ఆ స్టేట్‌మెంటులో తేలినవి కొన్ని చెబుతాను. పెద్ద ట్యూబు ఎప్పుడూ చవక అనుకుంటాం. నేను చూసిన ఒక రకంలో 150 గ్రాములది 96 రూపాయలు, అంటే గ్రాముకు 64 పైసలు. అదే రకంలో 20 గ్రాముల చిన్న ట్యూబు పది రూపాయలే, గ్రాముకు 50 పైసలు. కిందివరుసలో మూలకు పెడతారు కాబట్టి మన కంటికి ఆనదు. ఇప్పుడు గ్రాముకు ఎంత పడుతుందో అట్టపెట్టె మీద వేయాలని నిబంధన వచ్చింది గనుక మీకు నా అంత శ్రమ ఉండదు, కళ్ళజోడు చాలు. ఇక లోపలి సరుకంటారా, ఇంచుమించు అన్నింటిలోనూ రుద్దడానికి సుద్ద గాని సిలికా గాని, ఎండిపోకుండా సార్బిటాల్ గాని గ్లిసరిన్ గాని, నురుగు కోసం సోడియం లారిల్ సల్ఫేటు, తీపికి సాకరిన్ వంటిది, ఆ పైన వాసన. నురుగు ఎక్కువ వస్తే పళ్ళు ఎక్కువ శుభ్రపడతాయని నేను యాభై ఏళ్ళు నమ్మాను. ఆ నురుగుకూ శుభ్రానికీ సంబంధం అంతంతమాత్రమే. ట్యూబు అడుగున ఉండే రంగు గడి గురించి మీ ఫోన్లకు కూడా వచ్చే ఉంటుంది, పచ్చ అయితే మూలికలు, నలుపు అయితే రసాయనాలు అని. అది ట్యూబును ఎక్కడ కోసి మూయాలో యంత్రానికి తెలియడానికి వేసే గుర్తు మాత్రమే. దయచేసి ఇకమీదట ఆ మెసేజి నాకు పంపకండి.

స్టేట్‌మెంటు పూర్తయ్యాక, లోయెస్టు రేటు ఖాయం చేసే ముందు ఇంట్లో స్టాకు వెరిఫికేషన్ చేద్దామని స్నానాలగది అలమర తెరిచాను. ఐదు ట్యూబులున్నాయి. ఐదూ సగం సగం వాడినవి. ఐదూ పళ్ళను తెల్లబరుస్తామని వ్రాసి ఉన్నవే, ఖరీదైనవే. నాకు నవ్వు వచ్చింది. "ఇండెంటు లేకుండ ఐదు ట్యూబులు ఎట్ల వచ్చినయి?" అని వరండాలో కూర్చున్న మా శ్రీమతిని అడిగాను.

ఆమె నవ్వలేదు. ట్యూబులు నా చేతిలోనుంచి తీసుకొని, "మీరు ధరలు చూస్తరు. నేను నా పండ్లు చూసుకుంట" అన్నది.

ఆమెది మునుగోడు వైపు పల్లె. మన జిల్లావాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. వేరే జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారి కోసం చెబుతాను. ఇక్కడి రాతినేలలో ఊరిన నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దానికి ఎన్నో రెట్లు ఉన్న బావులు మన పల్లెల్లో ఉండేవి. 1937లోనే అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ వ్యాధిని గుర్తించారు. పటిక, సున్నం వేసి నీళ్ళను బాగుచేసే పద్ధతికి దేశమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. ఊరికి ఎట్లాంటి కీర్తి వచ్చిందో చూడండి. తర్వాత కృష్ణా నీళ్ళు వచ్చాయి, ఇప్పటి పిల్లల పళ్ళు బాగున్నాయి. మా శ్రీమతి చిన్నతనంలో తాగింది ఊరబావి నీళ్ళు. ఆమె పై పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి.

1976లో మా పెళ్ళి. ఆ చారలు నేను మొదటి వారమే చూశాను. దాని గురించి ఒక్క మాట అనలేదు. అనకపోవడం నా మంచితనమని అనుకుంటూ వచ్చాను. నవ్వు వస్తే ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది. అది ఆమె అలవాటు అనుకున్నాను. పెన్షను కాగితాలకు భార్యాభర్తల జాయింటు ఫోటో కావాలి గదా, అందులో కూడా పెదవులు బిగించుకొనే ఉన్నది. ఫోటోగ్రాఫరు "కొంచెం నవ్వండమ్మా" అని మూడుసార్లు అన్నాడు. ఆ సాయంత్రం వరండాలో ఆమె చెప్పిన ఇంకో సంగతి నాకు తెలియనే తెలియదు. మా అమ్మాయి పెళ్ళిచూపులప్పుడు ఆమె వంటగది దాటి బయటకు రాలేదు. పనుల తొందర అనుకున్నాను. తల్లి పళ్ళు చూసి పిల్లకు కూడా ఇదే ఉంటుందని అనుకుంటారేమో అని ఆమె రాలేదట. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ట్యూబులన్నీ కూరగాయల డబ్బుల్లో మిగిల్చి కొన్నవే.

నా స్టేట్‌మెంటులో ఆరు కాలాలున్నాయి. ఎవరికోసం అన్న కాలం వేసుకోలేదు.

వారం తర్వాత ఇద్దరం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కాలు నొప్పి తగ్గలేదని ముందు రానన్నది. పిల్లలకు పన్ను చిగురులో తయారయ్యే వయసులోనే ఈ రంగు పడుతుందని ఆ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. అది పంటి పైపూతలోనే ఇమిడిపోయిన రంగు, పైన అంటిన మురికి కాదు. టీ మరక, వక్క మరక అయితే తెల్లబరిచే పేస్టుకు కొంత పోవచ్చు. ఈ చార ఏ పేస్టుకూ పోదు, ఎన్ని ట్యూబులు మార్చినా పోదు. పైగా ఈ వయసులో చిగుళ్ళు కిందికి జారి వేళ్ళు బయటపడి ఉంటాయి. గరుకు పేస్టుతో గట్టిగా రుద్దితే అవి అరుగుతాయి. కొన్నేళ్ళుగా మా శ్రీమతి చల్లనీళ్ళు తాగలేకపోవడానికి అది కూడా ఒక కారణమని చెప్పింది. ఎండాకాలంలో కూడా కుండనీళ్ళు వద్దంటే, చాదస్తం అని నేనే అనేవాణ్ణి.

మా శ్రీమతికి ఇంకొక భయం. అట్టమీద ఫ్లోరైడు అన్న మాట ఉంటే ఆ పేస్టు ముట్టేది కాదు. మన జిల్లాలో చాలామందికి ఆ భయం ఉంది, ఉండడం సహజమే. డాక్టరమ్మ అన్నది, పెద్దవాళ్ళ పళ్ళు ఎప్పుడో తయారైపోయాయి, పేస్టులోని ఫ్లోరైడుతో కొత్తగా చారలు పడవు, తోముకొని ఉమ్మేస్తాం గదా అని. బయటపడిన వేళ్ళు పుచ్చకుండా అది కాపాడుతుంది. మన దేశపు నిబంధన ప్రకారం పేస్టులో అది 1000 పి.పి.ఎం. మించరాదు, ఎంత ఉన్నదో ట్యూబు మీదా పెట్టె మీదా వ్రాయాలి. జాగ్రత్త పడవలసింది చిన్నపిల్లల దగ్గర. వాళ్ళు మింగేస్తారు. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు, పెద్దవాళ్ళెవరైనా పక్కన నిలబడాలి. టీవీలో బ్రష్షు నిండా పాములాగ వేసి చూపించేది వాళ్ళ సరుకు తొందరగా అయిపోవడానికి. మనవలకు పేస్టు వేసే తాతలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ముక్క నొక్కి చెబుతున్నాను. సెలవులకు వచ్చినప్పుడు మా మనవరాలు బ్రష్షు చాపి, "తాతా, ఇంకొంచెం" అంటుంది. వేయను.

ఇప్పుడు మా ఇంట్లో రెండే ట్యూబులున్నాయి. ఆమెకు జివ్వుమనడం తగ్గించే పొటాషియం నైట్రేటు రకం, గ్రాముకు రెండు రూపాయల పైనే. వాడగానే గుణం కనబడలేదు, రెండు మూడు వారాలు పట్టింది. మొన్న ఎండాకాలం కుండనీళ్ళు తాగింది. నాకు సాదా ఫ్లోరైడు రకం, పది రూపాయల చిన్న ట్యూబులు. లోయెస్టు టెండరు నా ఒక్కడికే వర్తింపజేశాం.

ముందు నాలుగు పళ్ళకు పైన పంటిరంగు పూత వేస్తే చారలు కనబడవని డాక్టరమ్మ చెప్పింది. ఖర్చు కూడా కాగితం మీద వ్రాసి ఇచ్చింది. "డెబ్బై ఏండ్లు దాటినంక నాకెందుకు?" అన్నది మా శ్రీమతి. ఆ కాగితాన్ని మాత్రం పారేయలేదు, పెన్షను బుక్కులో పెట్టుకున్నది. ఫైలు ఇప్పుడు ఆమె టేబుల్ మీద ఉంది. ఇవాళ ఆమె సభకు వచ్చింది, మూడో వరుసలో కూర్చున్నది. ఇదంతా చెప్పమని పొద్దున అనుమతి ఇచ్చింది కూడా ఆమెనే.

స్టేట్‌మెంటు జిరాక్సు కాపీలు ముప్ఫై తెచ్చాను. ధరలు రెండేళ్ళ కిందటివి, సరిచూసుకోండి. కావలసినవారు భోజనాల దగ్గర అడిగి తీసుకోవచ్చు.