కొండ మీద గొడ్డలి, గోదావరిలో ఎర్రనీరు

మన అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కొండన్నదే లేదు. మరి కొండమట్టి గొడవ మనకెందుకంటారా? మన కాళ్ల కింది నేలే గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు కదండీ!

వరదల రోజుల్లో మనకి ఎర్రనీరు వస్తుంది. ఆ ఎరుపు మట్టిదే. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల వాగులూ, కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరీ తమ వంతు మట్టి తెస్తాయి.

అడవి ఉంటే వాన ముందు ఆకుల మీద పడుతుంది. తర్వాత నేల మీది ఆకుచెత్త మీద. ఆ చెత్త నీటిని ఆపి, మెల్లగా ఇంకనిస్తుంది. చెట్లు నరికేస్తే? చినుకు నేరుగా మట్టినే కొడుతుంది. చచ్చిన మొద్దు వేళ్లు కొన్నేళ్లకు కుళ్లుతాయి. అప్పుడు వాలు పట్టు తప్పుతుంది.

అసలు గొడ్డలి కంటే దుంగలు లాగిన దారే ఎక్కువ చేటు. పైనుంచి తిన్నగా కిందికి లాగారా, ఆ గాడి తొలి వానకే కాలువైపోతుంది.

ఒండ్రు మన లంకలకు మంచిదేగా అంటారేమో. నిజమే. కానీ కొండ దిగిన పైమట్టి మళ్లీ కొండెక్కదు. అంగుళం మట్టి తయారవ్వడానికి వందల ఏళ్లు పడుతుంది.

అడవి కొట్టక తప్పకపోతే వాగు గట్టు చెట్లు వదిలేయాలి. దుంగల దారి వాలుకు అడ్డంగా వేయాలి. ఆకుచెత్త తగలబెట్టకూడదు. మళ్లీ చెబుతున్నా: వాగు గట్టు చెట్లు, వాలుకు అడ్డంగా దారి, ఆకుచెత్త.