స్నానాల గదిలో గ్యాసు గీజరు వలదు
(ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చేసిన ప్రసంగ పాఠము)



బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి ఈ కాలనీలో మన పెద్దలు బొగ్గుల కుంపటిపై నీళ్లు కాచుకొనిరి. నేడు పలు ఇండ్లకు గ్యాసు గీజరు వచ్చినది. పొగ కానరానంత మాత్రమున అపాయము తొలగినట్లు కాదు.

మంటకు గాలి కావలెను. తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణవాయువు తగ్గిన కొలది గ్యాసు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, తల తిరుగుట దాని గుర్తులు. ఆపై స్పృహయే తప్పును.

కావున గీజరును, సిలిండరును గది వెలుపల, గాలి ఆడు చోట, శిక్షణ పొందిన మెకానిక్‌చే బిగింపించి, వేడి నీటిని మాత్రమే గొట్టము ద్వారా లోనికి తేవలెను. సిలిండరు నిలువుగా నుండవలెను. గొట్టపు అతుకులను సబ్బు నీటితో పరీక్షింపవలెను, అగ్గిపుల్ల గీయరాదు. గ్యాసు కారినచో 1906 నంబరుకు తెలుపవలెను. చలికని వెంటిలేటరును అట్టలతో మూయరాదు.

క్వార్టరు గోడకు రంధ్రము కావలసినచో ఇంజనీరింగు శాఖకు వ్రాతపూర్వకముగా దరఖాస్తు చేయుదము. గాలి ఆడు ఇల్లు కోరుట మన హక్కు. సిగ్నలు చూడక బండి కదపము. గాలి దారి చూడక గీజరు వెలిగింపము.