మరచేతికి నామకరణము



కర్మాగారములలో ఇనుమును అతికి, బరువులనెత్తి, రంగులు పూయు మరచేయి క్రొత్తగా వచ్చినప్పుడు దానిని ఏ విధముగా పనికి నిలుపుదురు, దాని వరుససంఖ్య మారినప్పుడు ఏమి చేయుదురు అనునది నేటి నా ప్రసంగవిషయము. ఇది మీకు కొంత వింతగా తోచవచ్చును. అయినను మన విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల పల్లెలనుండి ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన కుఱ్ఱవాండ్రు విశాఖపట్టణము, చెన్నపట్టణము మొదలగు తావులకు పోయి ఇట్టి యంత్రములకడ పనికి కుదురుచున్నారు. వారు చేయుపని యెట్టిదో ఇంటిపెద్దలెఱిగియుండుట యుక్తమని నా తలంపు.

రోబో అను మాట 1920లో చెక్కు రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకమునుండి లోకమున వ్యాపించినది. ఆ భాషలో ‘రొబోట’ యనగా వెట్టిచాకిరి. జమీందారీల నాటి వెట్టినిగూర్చి తాతలనోట విన్న మన ప్రాంతమువారికి ఈ వ్యుత్పత్తిని వివరింపనక్కఱలేదు. నాటకములోనిది మనుష్యాకారము గలది. కర్మాగారములోనిది సాధారణముగ ఒక చేయి మాత్రమే. 1961లో అమెరికాలోని న్యూజెర్సీయందు జనరల్ మోటార్స్ వారి కర్మాగారమున యూనిమేట్ అను మొదటి మరచేయి పనికి కుదిరినది. మన రాష్ట్రమున పెనుకొండకు దగ్గరనున్న ఎఱ్ఱమంచిలో 2019లో కార్ల తయారీ నారంభించిన కియా కర్మాగారమున కారు ఒడలిని అతుకునవి ఇట్టి చేతులే. ఇవి మనవారి కూడు తీయవా అని మీరడుగుదురు. జనపనార మిల్లులు మూతపడినప్పుడు నెల్లిమర్ల, చిట్టివలసల యిండ్లలో పొయ్యి యెట్లు చల్లారినదో కన్నవారి ప్రశ్న అది, త్రోసివేయదగినది కాదు. దానికి వేఱొక ప్రసంగము కావలెను.

ఈ యంత్రమునకు ముఖ్యముగా మూడు భాగములు. మొదటిది ఆఱు కీళ్ల చేయి. రెండవది దాని బుద్ధియంతయు నుండు ఇనుపపెట్టె, దీనిని కంట్రోలరందురు. మూడవది పనివాడు చేతబట్టి ఆజ్ఞలిచ్చు పలక. మీ ట్రాక్టరునకు ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు ఉన్నట్లే మరచేతికిని ఒక వరుససంఖ్య కలదు. దానిని చేతి మొదట రేకుమీద ముద్రించియుందురు.

ట్రాక్టరు నెంబరు రిజిస్ట్రేషనుకొఱకు. ఈ సంఖ్య అంతకంటె లోతైనది. ఒకే అచ్చున పోసిన రెండు చేతులైనను సర్వసమానములు కావు. ఏ కీలు ఎచ్చట నున్నప్పుడు సున్న యని లెక్కింపవలెనో ప్రతి చేతికిని తయారీదారులు వేఱుగా కొలిచి, ఆ కొలతలను ఆ సంఖ్య పేర వ్రాసియుంతురు. ఒకదాని కొలతలు వేఱొకదానికి తగిలించినచో చేయి తానున్నచోటు తానెఱుగదు. పైడితల్లి అమ్మవారి సిరిమానును చూచినవారికి ఈ సంగతి సుబోధము. మ్రాను మొదట రవంత కదలినంతనే కొసనున్న పూజారి ఎంత దూరము ఊగును! రెండు మీటర్ల మరచేయి మొదటి కీలువద్ద ఒక్క డిగ్రీ తప్పినచో కొసయందు మూడున్నర సెంటీమీటర్లు తప్పును. మిల్లీమీటరు తేడాకు అతుకు చెడు పనిలో ఇది యెంత తప్పో ఊహింపుడు.

ఇక సంఖ్య యేల మారును? 2020 డిసెంబరులో మన రాష్ట్రమున మొదలైన భూముల పునస్సర్వేలో పాత సర్వే నెంబర్లకు మాఱుగా ఎల్.పి. నెంబర్లు వచ్చినవి. గట్టు కదలలేదు, మడి కదలలేదు. సంఖ్య మాత్రము మారినది. మరచేతి విషయమున అట్లు కాదు. అరిగిన చేతిని తీసి క్రొత్తచేతిని బిగింతురు. లేదా కాలిపోయిన పెట్టెను మార్చుదురు. అనగా మడియే మారినదన్నమాట. ఏబీబీ అను కంపెనీవారి యంత్రములలో చేతియందొక జ్ఞాపకఫలకమును, పెట్టెలో వేఱొక జ్ఞాపకమును గలవు. రెండింటను సంఖ్యయు కొలతలును ఉండును. అవి సరిపడనప్పుడు యంత్రము కదలక, ఎవరిమాట నమ్మవలెనని పనివానినే యడుగును. ఇది గొప్ప వివేకమని నేనందును. అడంగలులో నొకటి, పొలమున నొకటి యున్నప్పుడు ఊరకొను కాగితములకంటె ఈ ఇనుము మేలు!

ఇచ్చటనే పనివాని నేర్పు తెలియును. చేయి మారినచో చేతిమాట నమ్మవలెను. పెట్టె మారినను చేతిమాటయే. కాని చేతిలోని ఫలకము మాత్రమే చెడి, క్రొత్త ఫలకము వేసినచో దానికేమియు తెలియదు. అప్పుడు పెట్టెలోని కొలతలను దానికి నేర్పవలెను. తలక్రిందుగా చెప్పినచో మంచి కొలతలు తుడిచిపోవును. నా శిష్యుడొకడు ఈ పనిలో నున్నాడు. ఒకనాటి రాత్రి షిఫ్టులో, వచ్చిన సరుకు చీటీలోని సంఖ్యను చూచి కొట్టివేయుమని పైవాడు తొందరపెట్టెనట. వీడు వినక, కంచెలోపలికి పోయి, రేకుమీది గ్రీసు తుడిచి చదివెను. చీటీలోని మూడు, రేకుమీద ఎనిమిది. ఎక్కములు రాక నాచేత బెత్తపుదెబ్బలు తిన్నవాడే! ఈ మాట విని నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరాదు.

సంఖ్య మారినచో మఱియొక చిక్కు కలదు. కొన్ని కంపెనీలు డబ్బు తీసికొని యిచ్చు అదనపు విద్యలను ఆ సంఖ్యకే ముడివేయును. సంఖ్య మారగానే తాళము పడును. తయారీదారును అడిగి క్రొత్త తాళపుచెవి తెచ్చుకొనవలసినదే.

సంఖ్య కుదిరిన పిమ్మట చేతిని కదలింపవలెను. భయపడవలసినది ఈ ఘట్టమునకే. 1979 జనవరిలో అమెరికాలోని ఫ్లాట్ రాక్‌లో ఫోర్డు వారి పోతపని కర్మాగారమున రాబర్ట్ విలియమ్స్ అను కార్మికుడు మరయంత్రము తగిలి మరణించెను. 2015లో మన దేశముననే, హర్యానాలోని మానేసర్‌లో, మరచేతికి చేరువకు పోయిన యువకుడొకడు ప్రాణము గోల్పోయెను. కావున మొదట నేలబోల్టుల బిగింపును, ఎఱ్ఱని ఆపుమీటను పరీక్షింతురు. నేర్పుసమయమున చేతి కొస సెకనుకు 250 మిల్లీమీటర్లకు మించి పోరాదని అంతర్జాతీయ నియమము. చేతబట్టిన పలకయందొక మీట యున్నది. దానిని సగము నొక్కియున్నంతసేపే చేయి కదలును. వదలినను ఆగును, బెదరి గట్టిగా పిడికిలి బిగించినను ఆగును. భయమున మనిషి చేయు రెండు పనులను ముందే యెఱిగి చేసిన ఉపాయమిది. ఇది కనిపెట్టినవారు మనస్తత్త్వ మెఱిగినవారు!

పిదప ఒక్కొక్క కీలును మెల్లగా త్రిప్పి, దానిమీది గుఱుతులు ఎదురెదురుగా వచ్చినవా యని చూతురు. పలకమీద సున్న కనబడి గుఱుతులు కలియనిచో, ఏదో యొకటి అబద్ధమాడుచున్నదన్నమాట, ముందుకు పోరాదు. అన్నియు కుదిరిన తరువాత జ్ఞాపకమునంతటిని వేఱొకచోట నకలు తీయుదురు. మంచి పనివాడు సంఖ్యను, తేదీని, ఏ భాగమును మార్చినదియు కాగితముపై వ్రాసి, చేవ్రాలు చేసి, పెట్టె తలుపునకు లోపలివైపున అంటించును. పదియేండ్లకు ఆ తలుపు తెఱచువాడు వేఱొక ఊరివాడు కావచ్చును. అప్పుడు వానికి ఆ కాగితమే దిక్కు.