సాక్షి సంతకం



రాజవొమ్మంగిలో మైకు పట్టుకున్నవాళ్ళెవరూ అల్లూరి సీతారామరాజు పేరెత్తకుండా వేదిక దిగరు. నేనూ దిగను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మీ ఊరి పోలీసు స్టేషన్ల మీద ఆయన దళం దాడి చేసింది. ఇక్కడ బందీగా ఉన్న తిరుగుబాటుదారు వీరయ్యదొరను విడిపించుకుపోయారు. అంత హడావుడిలోనూ రాజు పట్టుకెళుతున్న ఆయుధాల లెక్క రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్ళేవాడని చెప్పుకుంటారు. తుపాకుల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. నేను మాట్లాడేది అలా బాధ్యత తీసుకుని పెట్టే సంతకం గురించి.

నా పని మతిమరుపు జబ్బులతో. పెద్దవాళ్ళకు జ్ఞాపకం, మాట, దారి, లెక్క ఒక్కొక్కటీ జారిపోతుంటే ఎందుకో తేల్చడం, చేయగలిగింది చేయడం. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని దేశవ్యాప్త అధ్యయనం ఒకటి అంచనా కట్టింది. అంటే సుమారు 88 లక్షల మంది. పట్నాల్లోకన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ళలోకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. ఏజెన్సీలో దీన్ని జబ్బనే అనుకోరు. 'వయసు మీద పడింది, అంతే' అంటారు. మెదడు స్కాన్ తీయించాలంటే అడ్డతీగల, ఏలేశ్వరం దాటి కాకినాడ దాకా పోవాలి. ముసలమ్మ మతిమరుపు కోసం అంత దూరం ఎవరు పోతారు?

పోరు కాబట్టి లెక్కలోకి రారు. లెక్కలోకి రారు కాబట్టి మందులు ఇంకెవరి మీదో పరీక్షిస్తారు. పేద, మధ్యాదాయ దేశాల్లో డిమెన్షియా మీద పనిచేసే ఒక పరిశోధక బృందం తన పేరే '10/66' అని పెట్టుకుంది. డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం మంది ఈ దేశాల్లోనే ఉంటే, జనం మధ్య జరిగే పరిశోధనలో 10 శాతం కూడా ఇక్కడ జరగడం లేదని దాని అర్థం. 2022లో ఫలితాలు వెల్లడైన అల్జీమర్స్ మందు లెకానెమాబ్‌నే ఉదాహరణగా చూడండి. 1,795 మంది మీద పద్దెనిమిది నెలలు పరీక్షించారు. జబ్బు ముదరడం కొంచెం నెమ్మదించింది. 18 పాయింట్ల కొలమానం మీద తేడా అర పాయింటు కూడా లేదు. పైగా మందు తీసుకున్నవాళ్ళలో నూటికి పన్నెండు మందికి పైగా మెదడు స్కాన్‌లో వాపు కనిపించింది. ఒక రకం జన్యువు ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువ. మరి మన కొండల మనుషులకు ఇలాంటి మందు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? వాళ్ళు పరీక్షలో లేకపోతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పే నాథుడుండడు.

అందుకే మందుల పరీక్షలు, అంటే ట్రయల్స్, ఇక్కడికీ రావాలంటాను. ఆ మాట అన్నాక ఖమ్మం సంగతి దాచడం న్యాయం కాదు.

మారేడుమిల్లి ఘాట్ దాటి చింతూరు మీదుగా పోతే భద్రాచలం. 2009లో ఆ ప్రాంతంతో పాటు అప్పటి ఖమ్మం జిల్లాలోని మరికొన్ని మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం. దాన్ని ట్రయల్ అనలేదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. టీకా మంచిదే, ఇవాళ లోకమంతా వేస్తున్నారు. తప్పు కాగితం దగ్గర జరిగింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు వేల ఫారాల మీద సంతకాలు పెట్టేశారు. మిగతావాటిలో ఎన్నింటి మీదనో వేలిముద్రలు. ఏం రాసి ఉందో ఆ వేలు పెట్టినవాళ్ళకు ఎవరు చదివి వినిపించారు? 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ వార్డెన్లు దుర్మార్గులని నేననను. పైనుంచి ఆర్డరొచ్చింది, ఫారాలు నింపి పంపారు. మన ఆఫీసుల్లో రోజూ జరిగేదే.

మతిమరుపు జబ్బుల్లో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అక్కడ పిల్లలకు వయసు చాలదు. ఇక్కడ పెద్దాయనకు వయసుంది, సంతకం తెలుసు, కానీ విన్నది సాయంత్రానికి గుర్తుండదు. అలాంటప్పుడు చట్టం ఒప్పుకున్న ప్రతినిధి, సాధారణంగా కొడుకో కూతురో భార్యో, సంతకం పెట్టాలి. అయినా పెద్దాయన 'నాకొద్దు' అంటే ఆ మాటకు విలువ ఉంది. సూది చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నా అది జవాబే.

అసలు జబ్బుందో లేదో తేల్చే పరీక్షలోనే సగం తగువు ఉంది. బడి ముఖం చూడని ఒకావిడను 'ఈ రోజు ఏ తేదీ?' అని అడిగారు. 'సంతకెళ్ళొచ్చి రెండు రోజులైంది బాబూ' అంది. ఫారంలో సున్నా పడింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం, ఆమె క్యాలెండర్ సంత. తరువాత పెన్ను చేతికిచ్చి ఒకదానిలో ఒకటి దూరిన రెండు ఐదు కోణాల బొమ్మలు గీయమన్నారు. ఆ చెయ్యి నలభై ఏళ్ళుగా విత్తనం ఏరింది, పెన్ను పట్టలేదు. మళ్ళీ సున్నా. ఇలాంటి అన్యాయం జరగకూడదనే హర్యానాలోని బల్లబ్‌గఢ్‌లో చదువురాని పల్లెజనం కోసం వేరే పరీక్ష తయారు చేసుకున్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగువాళ్ళకు తగినట్టు పరీక్షలు మలిచింది.    

ఇప్పుడు, ఈ రోజు పట్టభద్రులైన మీ దగ్గరికి వస్తాను. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో మీకొక కుర్చీ వేసి ఉంది, ఎవరూ చెప్పి ఉండరు. పాల్గొనేవారికి గానీ వారి ప్రతినిధికి గానీ చదవడం, రాయడం రాకపోతే, నిష్పాక్షిక సాక్షి ఒకరు మొదటి మాట నుంచి చివరిదాకా అక్కడే ఉండి ఫారం మీద సంతకం చేయాలి. ఆ సాక్షికి ట్రయల్‌తో ఏ సంబంధమూ ఉండకూడదు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరని వెతికితే రేపు మిమ్మల్నే పిలుస్తారు. 'ఒక్క సంతకమే కదా బాబూ, వచ్చి వెళ్ళు' అంటారు.

వెళ్ళండి. కానీ కూర్చోండి. మాత్ర కొందరికి అసలుది, కొందరికి ఉత్తుత్తిది ఇస్తారని, ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియకపోవచ్చని పెద్దావిడకు అర్థమయ్యే మాటల్లో చెప్పారా? ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చని, మానేసినా మామూలు వైద్యం ఆగదని చెప్పారా? ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితమని, పరిహారం ఉంటుందని చెప్పారా? ఫారం నకలు చేతికిచ్చారా? అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందా? థైరాయిడ్, బి12 లోపం, తలకు దెబ్బ, చెవుడు లాంటివి ముందే చూశారా? వీటిలో కొన్నింటికి చవకైన వైద్యం ఉంది, వాటికి ట్రయలే అక్కర్లేదు. ఇవన్నీ అయ్యాక 'మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి' అని ఆవిడను మీరే అడగండి. ఇంట్లో కోయ మాట్లాడుకుంటే కోయలోనే అడగండి. జవాబు వినకుండా పెన్ను మూత తీయొద్దు.

సాక్షికి సంతకం పెట్టనని చెప్పే హక్కూ ఉంది. మీరు పెట్టకపోతే ఆ కాగితం ఆ రోజుకు ముందుకు పోదు. దాంతో డాక్టరుకు చిరాకు రావచ్చు, నాలాంటివాళ్ళకు తప్పకుండా వస్తుంది. రానివ్వండి, మళ్ళీ మొదటినుంచి చెప్పిస్తాం. దేశంలో జరిగే ట్రయల్స్‌ను 2009 జూన్ నుంచి సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. ఎవరైనా చూడవచ్చు. ఊళ్ళోకి ఎవరైనా మందు, ఫారం పట్టుకుని వస్తే సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఆ ట్రయల్ నమోదు నంబరు వెతకండి. అందులో లేకపోతే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నంబరు తెచ్చుకుని రమ్మని పంపండి.