గోమార్లు ఆవు మీద కాదు, గోడలో ఉన్నాయి

నారాయణఖేడ్ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చిన. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ చేసినోణ్ణి, పశువుల డాక్టర్ని కాను. కానీ ఈ ముచ్చట మా ఇంట్లోదే.

పోయిన ఎండాకాలం బాపు అంగట్లో ఒక హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవును కొన్నడు. మూడో వారంలో అది మేత మానేసింది. జ్వరం 106 డిగ్రీలు, భుజం ముందర బిళ్ళ ఉబ్బింది. డాక్టర్ రక్తం పరీక్ష చేయించి థైలేరియా అన్నడు. ఇంజెక్షన్ ఇచ్చిండు గానీ అప్పటికే ఆలస్యమైంది, ఆవు దక్కలేదు. అమ్మినాయన మోసం చేసిండని బాపు తిట్టని రోజు లేదు.

ఈ రోగాన్ని మోసేది గోమారి. పుస్తకాల్లో పిడుదు అంటారు. ఇది పశువుల వ్యాపారంతోపాటు దేశాలు తిరుగుతుంది. మన ఆసియాలో పుట్టిన ఒక రకం గోమారి 1872లో ఇండోనేషియా పశువులతో ఆస్ట్రేలియా చేరిందంటారు. మొన్నమొన్న పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లోనూ కనబడింది. బ్రెజిల్ నుంచి తెప్పించిన పాడి ఆవులతో వచ్చిందని పరిశోధకుల అంచనా.

థైలేరియాను మోసేది ఇంకో రకం, హయలోమా. మన నాటు ఆవులు, బీదర్ దిక్కు దేవని పశువులు ఈ రోగాన్ని చాలావరకు తట్టుకుంటాయి. పైకి బాగానే కనబడతాయి గానీ వాటి రక్తంలో ఆ క్రిమి ఉండిపోవచ్చు. ఆ రక్తం తాగిన గోమారి క్రాస్ ఆవును కుడితే, దానికి ప్రాణం మీదికొస్తుంది.

ఆవు పోయినంక కొట్టం గోడ పగుళ్ళలో చీలతో గీకి చూసిన. గుంపులు గుంపులుగా గోమార్లు! మా నాటు ఎడ్లు ఏండ్ల నుంచి ఆ గోడ పక్కనే కట్టేసి ఉన్నాయి. రోగం అంగడి నుంచే వచ్చిందని ఇప్పుడు నేను ఒట్టేసి చెప్పలేను. బాపు ఆ గోడను చూసి, ఆ రోజు నుంచి అమ్మినాయన్ని తిట్టుడు బంద్ చేసిండు.

అందుకే ఒక్క ఆవుకే మందు కొడితే సరిపోదు. పగుళ్ళు సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. డాక్టర్ చెప్పిన మోతాదులో గోడలకు, నేలకు కూడా మందు కొట్టండి. కొత్త పశువును మూడు వారాలు వేరే కట్టేయండి. థైలేరియాకు టీకా ఉంది. మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థే రక్షావ్యాక్-టీ పేరుతో తయారు చేసింది. క్రాస్ దూడలకు వేయించే సంగతి డాక్టర్ని అడగండి.

ఇంకొక మాట. గోమార్లను ఒట్టి చేతులతో పీకి, గోళ్ళతో నలపకండి. 2011 జనవరిలో గుజరాత్‌లోని కోలాట్ గ్రామంలో ఒకామెకు క్రిమియన్-కాంగో జ్వరం సోకినట్టు బయటపడింది. ఇదీ హయలోమా గోమార్లు మోసే రోగమే. ఆమెతోపాటు వైద్యం చేసిన డాక్టర్, నర్సు కూడా చనిపోయారు. చేతికి తొడుగు వేసుకోండి.

ఈ రాత్రి టార్చ్ పట్టుకొని మీ కొట్టం గోడ ఒకసారి చూడండి. ఏం కనబడిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.