ఫలితాల తర్వాత కాదు, ముందే

(ఇంటర్మీడియట్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: ‘పిల్లలను ఎక్కడ చేర్పించాలి?’ కానీ జవాబు వెతికే తీరు ఇంటింటికీ వేరు. చదువుకున్న ఉద్యోగి కుమారుడు విశ్వవిద్యాలయం పేరునూ, కోర్సునూ, ఆపై లభించే అవకాశాలనూ చూసి నిర్ణయించుకుంటాడు. ఆటో నడిపే తండ్రి ముందుగా ఫీజు, హాస్టల్ ఖర్చు లెక్కవేస్తాడు. బీడీలు చుట్టే తల్లి తన కుమార్తె చీకటి పడకముందే ఇల్లు చేరుతుందా అని ఆలోచిస్తుంది. ఆ తల్లిదండ్రుల ఆలోచనను తప్పుపట్టలేము. అయితే పిల్లల ప్రతిభకు ఆ లెక్కల్లో చోటు దొరకడం లేదన్నదే మన బాధ.

2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతినే అంకెలలో చూపింది. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒక్కరు, పోస్ట్ గ్రాడ్యుయేట్ స్థాయిలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక తెలిపింది. పేదరికం ఇందుకు ఒక కారణం. సమాచారం సమయానికి అందకపోవడం మరొక కారణం. మొదటిదాన్ని మనం ఒక్కరోజులో తొలగించలేము. రెండవదాన్ని ఈ సంవత్సరమే తొలగించగలము.

ఒక ఉదాహరణ చెబుతాము. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలలో ఇంటర్ తర్వాతి కోర్సులకు సీయూఈటీ పరీక్ష వ్రాయాలి. ఆ పరీక్షను తెలుగులోనూ, ఉర్దూలోనూ వ్రాయవచ్చు. కానీ ఇటీవలి సంవత్సరాలలో దాని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తున్నది. ఫలితాలు వచ్చాక చూద్దామనుకునే కుటుంబానికి ఆ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. అదే సమయంలో ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటి గుమ్మం ముందు నిలుస్తారు. వారి మాట నమ్మి మేనేజ్‌మెంటు కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంటు అందదు. కౌన్సెలింగులో కన్వీనర్ కోటా సీటు పొందినవారికే ఆ సాయం.

ఉర్దూ చదివిన పిల్లలకు గచ్చిబౌలిలో 1998లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. మదరసాలో చదివిన పిల్లలకు మొదటిదానిలో బ్రిడ్జ్ కోర్సులున్నాయి. అయితే తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. ముస్లిం విద్యార్థి అనగానే ఉర్దూ విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవడం వారికి న్యాయం కాదు.

ధ్రువపత్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. షేక్ తదితర 14 వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. దూదేకుల వారు బి.సి.-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వర్గాలు బి.సి.-ఇ జాబితాలో లేవు; ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడి వారు ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రం కోరవచ్చు. కేంద్ర విశ్వవిద్యాలయాలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితాను, రాష్ట్ర బి.సి. పత్రం అక్కడ చాలదు. తహసీల్దారు కార్యాలయం చుట్టూ చివరి వారంలో తిరగడం కన్నా ముందుగానే దరఖాస్తు చేయడం మేలు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. హాస్టల్ ఎలా ఉంటుందో తెలియని భయమే చాలాసార్లు ‘వద్దు’ అనిపిస్తుంది. ఆ భయాన్ని ఉపన్యాసాలు తీర్చలేవు. నలుగురు తల్లులు కలిసి వెళ్లి, హాస్టల్ చూసి, వార్డెన్‌తో మాట్లాడి, అక్కడ చదువుతున్న మన అమ్మాయిలను అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత తీసుకునే నిర్ణయం ఏదైనా తెలిసి తీసుకున్నదవుతుంది.

కనుక ప్రతి మసీదు కమిటీకి మా విన్నపం మూడు పనులు. మహల్లాలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్లల జాబితా డిసెంబరులోగా తయారుచేయండి. విశ్వవిద్యాలయాలలో చదువుతున్న మన యువతీ యువకులను వారితో కలపండి. దరఖాస్తుల గడువు తేదీలను జుమా నమాజు తర్వాత ప్రకటించండి. వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. బాధ్యత తీసుకునే ఇద్దరు మనుషులు చాలు.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.