చెదరిన వాక్యము, చెదరని నుడికారము



ఉగాదినాడు ఇంగ్లీషు ప్రస్తావన యేమిటని పెద్దలు కొందరు నవ్వుకొనవచ్చును. ఈ బెంగుళూరులో మన పిల్లలకు వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు. బ్యాంకు పరీక్షలకు కూర్చున్నప్పుడు రెండు విధములైన ప్రశ్నలు వారిని చీకాకు పెట్టుచున్నవి: నుడికారమునకు అర్థము చెప్పుట ఒకటి, చెల్లాచెదరైన మాటలను వాక్యముగా కూర్చుట రెండవది. ఒకటి పట్టుబడినచో రెండవది సగము లొంగునని మా నమ్మకము.

తెలుగులో 'రాముడు రావణుని చంపెను' అన్నను, 'రావణుని చంపెను రాముడు' అన్నను చచ్చినవాడు రావణుడే. 'ని' అను విభక్తి ఆ సంగతి చూచుకొనును. ఇంగ్లీషునకును పూర్వ మట్టి ప్రత్యయములుండెడివి. 11వ శతాబ్ది తరువాత అవి చాలవరకు అరిగిపోగా, మాటల వరుసయే ఆ భారము నెత్తికెత్తుకొన్నది. 'డాగ్ బైట్స్ మ్యాన్' అనుదానిని తారుమారు చేసినచో కరచినవాడు మనిషి యగును!

ఇక ఈ ప్రశ్న చూడుడు: హిజ్, టుక్, థీఫ్, హీల్స్, ది, టు. 'ది థీఫ్' సులభముగా కుదురును. ఆపై 'టు' ఎక్కడ పెట్టవలెనో తోచక పిల్లవాడు పెన్సిలు కొరుకును. 'టుక్ టు హిజ్ హీల్స్' అనునది విడదీయరాని ముద్ద, పారిపోయెనని అర్థము. మాటమాటకు అర్థము చెప్పబోయినచో దొంగ తన మడమలు తానే పట్టుకొనిపోవును.

మన అమ్మమ్మలు దీనినే 'కాలికి బుద్ధి చెప్పినాడు' అందురు. కన్నడిగులును అట్లే అందురు. ఆ మాట వినుచు పెరిగిన పిల్లవానికి మడమల మాట వింత గాదు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అన్నను మన 'అమావాస్యకో పున్నమికో' యే. (ఒకే ఇంగ్లీషు నెలలో పడు రెండవ పున్నమికి నేడా పేరు వాడుచున్నారు. మూడేండ్లకు కొంచెము లోపుగా ఒకసారి వచ్చును. ఇంచుమించు మన అధికమాసపు లెక్కయే.)

'కిక్ ది బకెట్' సంగతి మరీ చిత్రము. చచ్చుట అని అర్థము. 'ది బకెట్ వాజ్ కిక్డ్' అని త్రిప్పితిమా, చావు పోయి ఉత్త బకెట్టు మిగులును. మనవారును హాస్యమునకు 'బాల్చీ తన్నేశాడు' అనుచున్నారు. పరామర్శకు పోయినచోట అనరాదని మాత్రము పిల్లలకు చెప్పుడు.

ఇంటి తెలుగు 'అన్నము తిను, చదువుకో' అను రెండు మాటలకు దిగిన కుటుంబములు మాకు తెలియును. ఆ పిల్లలు ప్రతి ఇంగ్లీషు నుడికారమును గ్రుడ్డిగా బట్టీపట్టవలసినదే. ఆనుకొనుటకు గోడ లేదు. కావున మా ఆదివారపు తరగతికి వచ్చు పెద్దలు తలకొక పది తెలుగు నుడికారములు వ్రాసి తెండు. ఇంగ్లీషువి మేము చూచుకొందుము.